చిల్లుకాణీతో ఫారిన్ డ్యూయెట్

సినిమాలో ఫారిన్ పాట ఎలా మొదలవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. హీరోగారు రాజమండ్రి గోదావరి గట్టు మీద హీరోయిన్ చెయ్యి పట్టుకుంటారు. ఆవిడ సిగ్గుపడి కళ్ళు మూసుకుంటుంది. తెరిచేసరికి ఇద్దరూ మంచుకొండ మీద వుంటారు! పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, టిక్కెట్టు లేదు. ఆవిడకి స్వెట్టరు అంతకన్నా లేదు. పల్లవికో చీర, చరణానికో చీర. ఆకలి వెయ్యదు, కాళ్ళు నొప్పెట్టవు, రాత్రి ఎక్కడ పడుకుంటారో ఎవరూ అడగరు. ఐదు నిమిషాల్లో మళ్ళీ గోదావరి గట్టు మీదికి వచ్చేస్తారు.

మేమూ వెళ్ళాం ఒక ఫారిన్ పాటకి. ముగ్గురం. ముగ్గురూ మగాళ్ళే కాబట్టి డ్యూయెట్ అనడానికి వీల్లేదు గానీ, మూడు రోజుల పాట. ఖర్చు మాత్రం మేమే పెట్టుకున్నాం. అదీ తేడా!

ముందు పాత్రల పరిచయం. ముగ్గురిదీ కడియం. ఒకడు హాంబర్గులో వుద్యోగం చేసుకుంటున్నాడు. చిన్నప్పుడు గోలీలాటలో కూడా ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాడు కాదు. అందుకని అప్పట్నించీ వాణ్ణి ‘దొర’ అంటాం. రెండోవాడు ‘ఓనరు’. వాడికి రెండు వ్యాన్లున్నాయి. కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచి హైదరాబాదుకీ మద్రాసుకీ మొక్కల లోడు తోల్తాడు. మూడోవాణ్ణి నేను. బి.ఏ. చదివి, సినిమాల మీదా సినిమావాళ్ళ మీదా నాలుగు ముక్కలు రాసుకుని బతుకుతున్నాను. వాళ్ళిద్దరూ నన్ను ‘రైటరు’ అంటారు, పోలీసు స్టేషన్లో రైటరుని పిలిచినట్టు.

ఈ పిచ్చికి మూలం 2011లో పడింది. తమిళం నుంచి మన తెలుగులోకి ‘రంగం’ వచ్చిన సంవత్సరం అది. జీవా, కార్తీక నటించారు. అందులో ఓ పాట నార్వే కొండల మీద తీశారు. ఎక్కడో ఆకాశంలోకి చొచ్చుకువచ్చిన రాతి పలక, దాని కింద పాతాళంలో నీళ్ళు. రాజమండ్రిలో సెకండ్ షో చూసి, రాత్రిపూట ముగ్గురం ఒకే బండి మీద కడియం వస్తున్నాం. “బావా, ఎప్పటికైనా ఆ వైపెళ్ళాల్రా” అన్నాడు ఓనరు. అప్పటికి వాడికి వ్యాను లేదు. పరాయి వ్యాను మీద క్లీనరు.

పన్నెండేళ్ళు పట్టింది. 2023 జూన్‌లో కుదిరింది. “టిక్కెట్టు మీది, హాంబర్గులో కూడూ గూడూ నాది” అన్నాడు దొర. నేను దాచుకున్నదంతా విమానానికే అయిపోయింది. నార్వే కొండ దాకా వెళ్ళడానికి డబ్బులు చాల్లేదు. అవి కోపెన్‌హాగెన్ దగ్గరే ఆగిపోయాయి.

బయల్దేరే ముందు మా నాన్న దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. చెప్పడం కష్టంగానే వుంది. సినిమా ఆఫీసుల్లో, ప్రెస్‌మీట్లలో “మీ నాన్నగారు ఏం చేస్తారండీ?” అని అడుగుతుంటారు. “కడియంలో నర్సరీ అండీ” అనేవాణ్ణి. అబద్ధం కాదు. విన్నవాళ్ళు మాత్రం పదెకరాల పూలతోట, గేటు, గూర్ఖా, కారు వూహించుకునేవారు. వూహించుకోనిచ్చేవాణ్ణి. నిజమేమిటంటే మా నాన్న అంట్లు కట్టే కూలీ. నలభై ఏళ్ళ పైన ఇతరుల నర్సరీల్లో మామిడంట్లు కట్టాడు. టెంక మొక్క తల కోసి, అందులో మంచి జాతి పుల్ల దూర్చి, రిబ్బను చుట్టి, చేతిలోంచి కింద పెట్టేదాకా రెప్ప వెయ్యడు. రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. కత్తి పట్టుకోలేడు. ఇప్పుడు షెడ్డు కింద కూచుని, ఆడవాళ్ళు కవర్లలోకి మట్టి నింపుతుంటే చూస్తుంటాడు.

“నాన్నా, అక్కణ్ణించి ఏం తెమ్మంటావు?” అన్నాను.

“నాకేం వద్దురా అబ్బాయ్. అక్కడ మొక్కలెలాగ పెంచుతున్నారో చూసి రా. చలిదేశం కదా” అన్నాడు.

సరే చూస్తానన్నాను గానీ, నా మనసు మొక్కల మీద లేదు. నేను మొక్కల్లోంచి పారిపోయినవాణ్ణి. గోళ్ళల్లో మట్టి వుండకూడదని కదా బి.ఏ. చదివింది!

* * *

హాంబర్గులో రాత్రి బస్సెక్కాం. రైలు కంటే బస్సు చవక; పైగా రాత్రి ప్రయాణమైతే ఒక పూట లాడ్జి ఖర్చు మిగులుతుంది. ఈ లెక్క ఓనరుది. చేతిసంచీలో దొర వాళ్ళింట్లో కలిపిన పులిహోర, ఆవకాయ డబ్బా, రొట్టెల పొట్లం, మూడు లుంగీలు, మూడు దుప్పట్లు.

కాస్త కునుకు పట్టిందో లేదో బస్సు ఆగింది. చూద్దుం కదా, బస్సు ఓ ఓడ పొట్టలో వుంది! ముందూ వెనకా లారీలు. అందర్నీ దిగి పైకి వెళ్ళమన్నారు. జర్మనీలో పుట్‌గార్డెన్ నుంచి డెన్మార్క్‌లో రోడ్బీకి సముద్రం మీద ముప్పావుగంట ప్రయాణం.

“ఓస్! పంటు!” అన్నాడు ఓనరు.

గోదావరి వాళ్ళకి పంటంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో లారీ, ఎద్దులబండి, పెళ్ళివారి కారు అన్నీ ఎక్కించుకుని ఆవలి గట్టుకి చేర్చేది పంటు. ఇది దానికి పెద్దన్నయ్య. కాంటీను, దుకాణం వున్నాయి. కాఫీ ధర చూసి ముగ్గురం పై డెక్కు మీదికి వెళ్ళి గాలి పీల్చుకున్నాం. గాలి ఉచితం. జూన్ కావడం చేత ఉత్తరాన ఆకాశం అర్ధరాత్రి దాటినా పూర్తిగా చీకటి పడలేదు. పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పినట్టుంది. ఆ నీళ్ళ కింద 18 కిలోమీటర్ల పొడవున సొరంగం కడుతున్నారని దొర చెప్పాడు. మన గోదావరి మీద వంతెన పడ్డ ప్రతిచోటా పంటు కనుమరుగైనట్టే, ఏదో ఒకనాడు ఈ పంటు పనీ తగ్గిపోతుందేమో! ఆ రాత్రి మేం ఎక్కడం మంచిదయింది.

* * *

కోపెన్‌హాగెన్‌లో ముందుగా తగిలేది ధరలు. ఒక క్రోన్ అంటే అప్పటి లెక్కన దాదాపు 12 రూపాయలు. ప్రతి బోర్డూ చూసి పన్నెండుతో గుణించడం, గుండె పట్టుకోవడం! మొదటి రోజు మధ్యాహ్నానికి దొర ఒక చట్టం పెట్టాడు: “ఇకనుంచి ఎవడూ రూపాయల్లోకి మార్చకూడదు.” ఓనరు సాయంత్రం దాకా ఆ చట్టం పాటించి, రాత్రి పడుకుని మొత్తం ఒకేసారి మార్చి, నిద్ర లేకుండా దొర్లాడు.

పడుకున్నది హాస్టల్లో. ఒక గదిలో ఎనిమిది మంచాలు, రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి. మంచానికి ఒక అద్దె, దుప్పటికి వేరే అద్దె, తువ్వాలుకి ఇంకో అద్దె. మేం సంచీలోంచి గళ్ళ లుంగీలూ దుప్పట్లూ తీసేసరికి పక్క మంచం మీది స్పెయిన్ కుర్రాడు గౌరవంగా చూశాడు. ముందుచూపు వున్నవాడికి ఏ దేశంలోనైనా గౌరవమే.

డబ్బు లేకపోయినా ఆ వూళ్ళో చూడ్డానికి చాలా వుంది. పంపు నీళ్ళు నిర్భయంగా తాగొచ్చు; ఖాళీ సీసా వుంటే చాలు. పార్లమెంటు వున్న క్రిస్టియాన్స్‌బోర్గ్ భవనం మీద 106 మీటర్ల బురుజుంది. వూరు మొత్తం కనిపిస్తుంది, పైకెక్కడానికి పైసా తీసుకోరు. స్ట్రోగెట్ అనే బజారు వీధిలో 1962 నుంచీ మోటార్లు తిరగవు, నడిచేవాళ్ళదే రాజ్యం. మెట్రో రైలుకి డ్రైవరుండడు. ఓనరు మొదటి పెట్టెలో అద్దం దగ్గర నిలబడి, “నేనే తోల్తున్నట్టుందిరా” అని రెండు స్టేషన్లు మురిసిపోయాడు.

సముద్రపు ఒడ్డున రాయి మీద కూచున్న చిట్టి మత్స్యకన్య విగ్రహం దగ్గరికి కాలినడకన వెళ్ళాం. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో అచ్చువేసిన కథలో నాయిక ఆమె. 1913లో విగ్రహం పెట్టారు. ప్రపంచమంతా పేరు మోగిపోయిన తారామణి కదా, గండపెండేరం అంత వుంటుందనుకుంటే నాలుగడుగుల పైన చిటికెడు! క్లోజప్‌లో చూసిన హీరోయిన్ని షూటింగులో దూరంనుంచి చూసినట్టనిపించింది. కానీ కాసేపు కూచుంటే ఆ పిల్ల మొహంలో దిగులు మన మీదికి వస్తుంది. మనిషి కాళ్ళ కోసం గొంతు అమ్ముకున్న పిల్ల ఆమె. తన వాళ్ళని వదిలి ఒడ్డుకొచ్చింది. ఒడ్డు ఆమెని తనదానిగా చేసుకోలేదు. ఈ కథ నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఆవేళ మాత్రం ఎందుకో కొంచెం గుచ్చుకుంది.

సినిమా పత్రికలో రాస్తూ సినిమా ముచ్చట చెప్పకపోతే మీరు వూరుకోరు. ఈ వూళ్ళోనే వాల్బీ అనే పేటలో ఓలె ఓల్సెన్ అనే ఆయన 1906లో నోర్డిస్క్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. మన ఫాల్కే గారు ‘రాజా హరిశ్చంద్ర’ తీసింది 1913లో. అంటే దానికి ఏడేళ్ళ ముందన్నమాట! భూగోళం మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి ఆ కంపెనీ గుర్తు. కంపెనీ ఇప్పటికీ నడుస్తూనే వుంది. 1910లో ఒక మూకీ చిత్రంతో ఇక్కడి ఆస్టా నీల్సన్ యూరప్ అంతటికీ ఆరాధ్య తార అయిపోయింది. మాటల్లేవు కాబట్టి డబ్బింగు గొడవా లేదు!

వూరి మధ్యలో పాలాడ్స్ అనే సినిమా హాలు చూశాం. గోడలకి గులాబీ, నీలం, పసుపు, పచ్చ. అచ్చం తీర్థంలో అమ్మే పంచదార చిలకల రంగులు. టిక్కెట్టు ధర చూసి, దొర పెట్టిన చట్టాన్ని ముగ్గురమూ ఒకేసారి ఉల్లంఘించి, పన్నెండుతో గుణించి, బయట నిలబడి ఫోటో తీయించుకున్నాం. 1843 నాటి టివోలీ పార్కు కూడా అంతే. డిస్నీలాండు కట్టకముందు వాల్ట్ డిస్నీ అంతటివాడు వచ్చి చూసి వెళ్ళిన వినోదవనం. మేం గోడ బయట నడుస్తూ లోపల జెయింటు వీలు ఎక్కినవాళ్ళ కేకలు విన్నాం. నేల టిక్కెట్టుకి కూడా డబ్బుల్లేని రోజుల్లో టూరింగు టాకీసు గుడ్డ బయట కూచుని డైలాగులు విన్నామని మా నాన్న చెబుతుండేవాడు. అదే అనుభవం!

ఆ సాయంత్రమే ఓ చిన్న రగడ జరిగింది. అక్కడ సీసా నీళ్ళో డ్రింకో కొంటే సీసాకి కొంత బయానా పట్టుకుంటారు. ఖాళీ సీసా సూపర్‌బజారులో మిషనుకి ఇస్తే సైజుని బట్టి ఒక క్రోనో, ఒకటిన్నరో, మూడో వెనక్కి ఇస్తారు. ఈ బయానాని వాళ్ళు ‘పాంట్’ అంటారు. “మన పంటేరా ఇది!” అని ఓనరు తెగ సంబరపడ్డాడు. పార్కులో జనం తాగి వదిలేసిన సీసాలు కనబడగానే ఏరడం మొదలెట్టాడు.

“ఒరేయ్, వద్దురా. ఎవరైనా చూస్తే పరువు పోతుంది” అన్నాడు దొర.

“పరువుకి పాంట్ ఎంతిస్తార్రా ఇక్కడ?” అన్నాడు ఓనరు.

దొర నవ్వేశాడు. నేను నవ్వలేదు. నేను అప్పటికే నాలుగడుగులు దూరంగా జరిగి, వీళ్ళెవరో నాకు తెలీనట్టు చెట్టు కేసి చూస్తున్నాను. ఆ సంగతి ఓనరు గమనించాడు. ఏమీ అనలేదు.

ఆ సీసాలు అమ్మిన డబ్బుతోనే ఆ రాత్రి పెరుగు కొన్నాం. చిల్లరలో ఒక క్రోన్ నాణెం నా చేతికొచ్చింది. మధ్యలో చిల్లు! జేబులో వేసుకున్నాను.

* * *

రెండో రోజు స్వీడన్ వెళ్ళాం. వినడానికి గొప్పగా వుంది గానీ రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. 2000 జూలైలో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా మాల్మో చేరొచ్చు. రైలు ముందు సముద్రం కింద నాలుగు కిలోమీటర్ల సొరంగంలోకి దూరి, మనుషులు కట్టిన దీవి మీద బయటికొచ్చి, అక్కణ్ణించి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన ఎక్కుతుంది. ‘ది బ్రిడ్జ్’ అని 2011లో వచ్చిన టీవీ సీరియల్ ఈ వంతెన నడిమధ్య, సరిగ్గా సరిహద్దు గీత మీద దొరికిన శవంతోనే మొదలవుతుంది. ఆ మాట చెప్పగానే ఓనరు కిటికీలోంచి తల తిప్పేసుకున్నాడు.

మాల్మోలో తిండి చవక అని బయల్దేరాం. నిజంగానే చవక. ఫలాఫెల్ అనే శనగ గారెల్ని రొట్టెలో చుట్టి ఇస్తారు. ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. తిన్నాక దొర లెక్క వేశాడు: తిండిలో మిగిలింది ఇంత, రైలు టిక్కెట్టుకి పోయింది దానికి నాలుగింతలు! “అణా ఆదా చెయ్యబోయి బేడ పారేసుకున్నట్టుంది” అన్నాడు ఓనరు.

మొల్లెవాంగ్ అనే సంతబజారులో దేశదేశాల వాళ్ళ దుకాణాలున్నాయి. ఒక దుకాణంలో చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో వడలిన కరివేపాకు పది రెమ్మలు. ధర మన డబ్బులో నూట యాభై పైమాట. మా వీధిలో పెరటిగోడ మీంచి చెయ్యి చాపితే వచ్చేది!

అప్పుడు నాకు ఎప్పుడో చదివిన సంగతి గుర్తొచ్చింది. సామర్లకోట గురించి ఏదో రాయబోయి తెలుసుకున్నాను. అక్కడే బెంచీ మీద కూచుని వాళ్ళిద్దరికీ చెప్పాను.

స్వీడన్‌లో ఉప్సాలా అనే వూరుంది. ప్రపంచంలో ప్రతి మొక్కకీ ఇంటిపేరూ సొంతపేరూ పెట్టిన లిన్నేయస్ పండితుడు అక్కడివాడు. ఆయన శిష్యుల్లో కోనిగ్ అని ఒక వైద్యుడు. యొహాన్ గెర్హార్డ్ కోనిగ్. డెన్మార్క్‌లో కొన్నేళ్ళు పనిచేసి, 1768 ప్రాంతంలో తరంగంబాడి వచ్చాడు. తమిళదేశంలో వున్న తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ వాళ్ళ చేతిలో వుండేది. వచ్చినవాడు జబ్బులు చూస్తూనే మన మొక్కలు వెతుక్కుంటూ వూళ్ళు పట్టుకు తిరిగాడు. ఎండబెట్టిన ఆకులూ పువ్వులూ గురువుగారికి పంపాడు. 1771లో లిన్నేయస్ మన కరివేపాకుకి శాస్త్రనామం పెడుతూ శిష్యుడి పేరు తగిలించాడు. కోనిగీ! ఇప్పటికీ శాస్త్రజ్ఞులకి కరివేపాకంటే కోనిగ్ గారి చెట్టే.

“తర్వాత?” అన్నాడు ఓనరు.

“తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు, ఆపైన ఇంగ్లీషు కంపెనీ కొలువులో. చివరికి 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో చచ్చిపోయాడు.”

ఇద్దరూ మాట్లాడలేదు. జగన్నాథపురం వంతెన మీద ఓనరు ఎన్ని లోడ్లు తోలాడో లెక్కలేదు. దొర ఆ కరివేపాకు కవరు కొనేశాడు. ఎందుకురా అంటే, “ఏమో, కొనాలనిపించింది” అన్నాడు.

* * *

మూడో రోజు పొద్దున్న నేనే అన్నాను, మొక్కల తోటకి వెళ్దామని. నాన్నకి మాటిచ్చాను కదా. కోపెన్‌హాగెన్ బొటానికల్ గార్డెన్ వూరి మధ్యలోనే వుంది, ప్రవేశం ఉచితం. లోపల పామ్ హౌస్ అని పెద్ద గాజు మేడ వుంది. దానికి మాత్రం టిక్కెట్టు. 1874లో పూర్తయిన కట్టడం. నడుమ గుమ్మటం 16 మీటర్ల ఎత్తు. ఇనుప మెలి మెట్లెక్కి పైకి వెళ్తే తాటిజాతి చెట్ల తలలు మన పాదాల కింద వుంటాయి.

తలుపు తీసి లోపల అడుగు పెట్టామో లేదో, కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. వెచ్చగా, చెమ్మగా, తడిమట్టి వాసన. ముగ్గురం అలాగే నిలబడిపోయాం. వానాకాలం పొద్దున్న మా కడియపులంక వాసన అది! అరిటాకులు, రకరకాల ఈత, తాటి జాతులు, నూరేళ్ళు దాటిన సైకస్ మొక్కలు. మా వూళ్ళో రోడ్డుపక్క వానకి తడుస్తూ నిలబడే జాతులు ఇక్కడ మహారాణుల్లా గాజు మేడలో, ఆవిరి పొయ్యి పెట్టుకుని వున్నాయి.

ఓ మూల ఒకావిడ మోకాళ్ళ మీద కూచుని కుండీ మారుస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. గ్లౌజులు పక్కన పడేసింది. గోళ్ళనిండా మట్టి. నేను చూస్తున్నానని తలెత్తి నవ్వింది. ఆ దేశంలో అందరూ ఇంగ్లీషు మాట్లాడతారు. వేళ్ళు తెగకుండా మట్టి ఎలా దులుపుతోందో చూసి నేను ఏదో అన్నాను. “మీకు మొక్కల పని తెలుసా?” అంది.

“నాకు తెలీదు. మా నాన్నకి తెలుసు.”

“ఆయనేం చేస్తారు?”

నోటికి అలవాటైన మాట వచ్చేస్తోంది. నర్సరీ అండీ, అని. పక్కన దొర, ఓనరు నిలబడి వున్నారు. వాళ్ళిద్దరికీ నా అబద్ధం సంగతి ఏళ్ళ తరబడి తెలుసు. ఒకసారి హైదరాబాదులో ఒక నిర్మాత ముందు నేనా మాట అన్నప్పుడు ఓనరు నా పక్కనే వున్నాడు. తలొంచుకుని టీ తాగాడు తప్ప నా పరువు తియ్యలేదు. ఇప్పుడూ వాడు పైన గాజుల కేసి చూస్తున్నాడు, నాకు దారిస్తున్నట్టు.

“ఆయన కూలీ అండీ” అన్నాను. “నలభై ఏళ్ళు మామిడికి అంట్లు కట్టారు. రోజు కూలీకి. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, కట్టలేరు.”

ఇంగ్లీషులో చెప్పినందుకో ఏమో మాట తేలిగ్గానే బయటికొచ్చింది. తర్వాత గొంతు పట్టేసింది.

ఆవిడ చేతిలో పని ఆపేసింది. జాలిపడలేదు. కళ్ళు పెద్దవి చేసి, “నలభై ఏళ్ళా! ఎన్ని కట్టివుంటారు?” అంది. సాటి పనివాడి సంగతి అడిగినట్టు అడిగింది.

నాకు తెలీదు. ముప్పై ఏళ్ళు దాటిన నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా మా నాన్నని అడగలేదు. వెంటనే ఫోన్‌లో వీడియో కలిపాను. అక్కడ మధ్యాహ్నం రెండున్నర. నాన్న షెడ్డు కింద వున్నాడు.

“నాన్నా, నువ్వు మొత్తం ఎన్ని అంట్లు కట్టుంటావు?”

“ఏవిట్రా ఇప్పుడు? లెక్కెవడెట్టాడు! సీజన్లో రోజుకి నూరు దాటేవి. అవి ఎన్నొచ్చాయో, ఎక్కడున్నాయో...” అని నవ్వాడు. నేను ఫోను తిప్పి గాజుమేడ చూపించాను. అరటి, తాళవృక్షాలు, మెలి మెట్లు, గుమ్మటం. నాన్న చాలాసేపు చూశాడు. అంత పెద్ద కట్టడం చూసి ఏమంటాడా అని మేం ముగ్గురం కాచుకు కూచున్నాం.

“ఆ పైన గాజులెవరు తుడుస్తార్రా?” అన్నాడు.

ఆవిడకి తర్జుమా చేశాను. పకపకా నవ్వి, తన మట్టి చేతులు ఫోను ముందు చూపించింది. నాన్న కూడా తన చేతులు ఎత్తి చూపించాడు. వణుకుతున్నాయి. దాచుకోలేదు.

బయటికొచ్చాక ఓనరు నా భుజం మీద చెయ్యేశాడు. “బావా, నీ సినిమాలో ఇవాళే మొదటి మంచి సీను” అన్నాడు.

* * *

రాత్రి మళ్ళీ బస్సు, మళ్ళీ పంటు. హాంబర్గు చేరాక దొర లెక్క తేల్చాడు. మూడు రోజుల్లో చూడలేకపోయినవి: టివోలీ లోపల, పాలాడ్స్‌లో సినిమా, నార్వే కొండ. ముగ్గురి ఖర్చు మొత్తం కాగితం మీద రాసి, మూడుతో భాగించి, నా వంతు దగ్గర కొట్టేశాడు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. చివరికి నెలనెలా తీర్చేటట్టు రాజీ అయ్యింది. రెండు వాయిదాలు తప్ప అన్నీ సక్రమంగానే కట్టాను.

కడియం వచ్చి నాన్న చేతిలో ఆ చిల్లు నాణెం పెట్టాను. “ఓరి! చిల్లుకాణీ!” అన్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇలాంటి కాణీయే మొలతాడుకి కట్టిందట. పనికిరాని కత్తి వేలాడదీసిన మేకుకే దారం వేసి దాన్ని కూడా తగిలించాడు.

తర్వాత కోనిగ్ కథ చెప్పాను. కరివేపాకు చెట్టుకింద మంచమేసుకునే కూచున్నాం కాబట్టి కథ బాగానే రక్తి కట్టింది. లిన్నేయస్, తరంగంబాడి, ఓడ, ఆకుల పొట్లాలు అన్నీ విన్నాడు. పేరు పెట్టిన సంగతికి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

“అంత దూరం నుంచొచ్చి మన కాకినాడలోనా పోయాడు! పోయేముందు దగ్గరెవరైనా వున్నార్రా?” అని అడిగాడు.

“వున్నారు నాన్నా. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ అని ఇంకో డాక్టరు వుండేవాడు. ఆయనకీ మొక్కలంటే ప్రాణం. ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు.”

“పోన్లే. మొక్కల మనిషికి మొక్కల మనిషి దొరికాడు” అన్నాడు.

మొన్న హైదరాబాదులో ఒక కొత్త దర్శకుడు కాఫీ ఇప్పిస్తూ, “మీ నాన్నగారు ఏం చేస్తారండీ?” అని అడిగాడు.

“కడియంలో మామిడంట్లు కట్టేవారండీ. ఇప్పుడు మానేశారు” అన్నాను.

“అంటు ఎలా కడతారండీ?” అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నాకు తెలిసింది రెండు ముక్కలే. రెండూ చెప్పేసి, మిగతాది కనుక్కుని చెబుతానన్నాను. ఈ ఆదివారం వూరెళ్తున్నాను. కత్తి సాన పట్టించాలి.